నిరాశ, నగుబాటు: ఏ సందర్భానికి ఏ మాట

2019 జూలై 15 తెల్లవారుజామున 2 గంటల 51 నిమిషాలకు శ్రీహరికోట నుంచి చంద్రయాన్-2 బయలుదేరవలసి ఉండగా, ఇంకా 56 నిమిషాలు ఉందనగా సాంకేతిక లోపం బయటపడి ప్రయోగాన్ని నిలిపివేశారు. రాత్రంతా మేలుకుని చూడవచ్చినవారు ఉసూరుమంటూ వెనుదిరిగారు. వారం రోజులకు, జూలై 22న, రాకెట్ నింగికెగసింది. సెప్టెంబరు 7న విక్రమ్ ల్యాండర్ చంద్రుడి నేలకు సుమారు 2.1 కిలోమీటర్ల ఎత్తులో ఉన్నప్పుడు దానితో సంబంధం తెగిపోయింది. టీవీల ముందు కూర్చున్న దేశానికి అది ఆశాభంగం. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 క్షేమంగా దిగింది కనుక, నడుమ గడిచిన నాలుగేళ్లలో శాస్త్రవేత్తలు నిస్పృహలో ఉన్నారని ఎవరైనా రాస్తే అది తప్పు మాట అవుతుంది. నిస్పృహ చెందినవారు మళ్లీ ల్యాండర్ కట్టరు.

ఉసూరుమనడం, ఆశాభంగం, నిస్పృహ అనే ఈ మూడింటికీ నిఘంటువు తెరిస్తే ఇంచుమించు ఒకే అర్థం కనబడుతుంది. అందుకే కాబోలు, రాసేటప్పుడు చాలామంది చేతికందిన మొదటి మాట వేసేసి ముందుకు వెళ్తారు. మాట్లాడేటప్పుడైతే 'డిసప్పాయింట్ అయ్యాను', 'ఎంబరాసింగ్‌గా ఉంది' అని సరిపెట్టుకుంటారు. మాటల్లో అలా అనడం మీద నాకు పట్టింపు లేదు. కాని కథ రాసేవారికి, వార్త రాసేవారికి, అనువాదం చేసేవారికి, ఆఖరికి చుట్టాలకు నాలుగు మాటలు సందేశం పంపేవారికి కూడా, ఆ రెండు మాటల వెనుక తెలుగులో దాదాపు ముప్పై మాటలు వరుసకట్టి ఉన్నాయని తెలియడం అవసరం. వాటిలో ఒకటి ఎంచుకోవడానికి నేను చూసేవి కొన్నే. ఆశ పోయిన సందర్భమైతే, ఆ ఆశ ఎవరి మీద పెట్టుకున్నది, పోయిన తరువాత మనిషిలో ఇంకేమైనా మిగిలిందా అని చూస్తాను. సిగ్గుకు సంబంధించినదైతే, చూస్తున్నవారు ఎవరు, తప్పు ఎవరిది అని చూస్తాను. ఈ ప్రశ్నలకు జవాబు దొరికితే మాట దానంతట అదే దొరుకుతుంది.

నిరాశ నుంచి నిస్పృహ దాకా

నిరాశ అన్నిటికంటే విశాలమైన మాట. బస్సు తప్పిపోయినా నిరాశే, ఉద్యోగం రాకపోయినా నిరాశే. ఎక్కడైనా ఒదుగుతుంది కనుక దానికి పదును తక్కువ. దాని పదును అంతా పక్కన చేరే క్రియలో ఉంటుంది. 'నిరాశ కలిగింది' అంటే మనసులో జరిగినది చెబుతున్నాం, ఎవరినీ తప్పుపట్టడం లేదు. 'నిరాశపరిచింది' అంటే ఎదుటి వస్తువు మీదో మనిషి మీదో తీర్పు చెబుతున్నాం. 'నిరాశే మిగిలింది' అంటే అంతకుముందు శ్రమ, ఖర్చు, ఎదురుచూపు ఉన్నాయని చెప్పకనే చెబుతున్నాం. 'నిరాశకు గురయ్యారు' అన్నది పత్రికల వాడుక. నాకు అది ఏదో జబ్బుకు గురైనట్టు వినిపిస్తుంది, 'నిరాశపడ్డారు' ఉండగా దాని అవసరం అంతగా కనబడదు. ఇక 'నిరాశాజనకం' అన్న విశేషణాన్ని ఫలితాలకు, గణాంకాలకు, పరిస్థితులకు వాడవచ్చు గాని మనుషులకు వాడకూడదు. పిల్లవాడి మార్కులు నిరాశాజనకంగా ఉండవచ్చు. పిల్లవాడు నిరాశాజనకంగా ఉండడు.

ఆశాభంగానికి ఒక నిర్దిష్టమైన ఆశ కావాలి, అది విరిగిన ఒక నిర్దిష్టమైన క్షణం కావాలి. 2023 ప్రపంచకప్‌లో భారత జట్టు వరుసగా 10 మ్యాచ్‌లు గెలిచి, నవంబరు 19న అహ్మదాబాద్ ఫైనల్లో ఆస్ట్రేలియా చేతిలో 6 వికెట్ల తేడాతో ఓడిపోయింది. ఇక్కడ నిరాశ అన్నా తప్పు కాదు గాని చాలదు. గెలుపు ఖాయమనుకున్నది చేజారితేనే ఆశాభంగం అంటాం. ఇదే సంగతిని కబుర్లలో చెప్పవలసి వస్తే 'ఊరించి ఊరించి ఉసూరుమనిపించారు' అంటే సరిపోతుంది, ఎందుకంటే అందులో పది గెలుపులూ ఒక ఓటమీ రెండూ ఇమిడి ఉన్నాయి. ఉసూరుమనడానికి దీర్ఘం తప్పనిసరి అని కూడా గుర్తుంచుకోవాలి. ఉసురు తగలడం వేరే సంగతి, అది శాపం.

'ఆశలు అడియాసలయ్యాయి' అన్న జంట వాడుకలో ఎంత స్థిరపడిందంటే, అడియాసకు విడిగా ఒక అర్థం ఉందని చాలామంది మరిచిపోయారు. అడియాస అంటే నెరవేరని ఆశ, వట్టి ఆశ. అంటే అది కూడా ఒక రకం ఆశే తప్ప ఆశ పోయిన తరువాతి బాధ కాదు. కనుక 'నాకు అడియాస కలిగింది' అని బాధను చెప్పబోతే వాక్యం కుదరదు. ఆశలు అడియాసలు కావచ్చు, మనిషి అడియాస చెందడు.

నిస్పృహ సంగతి కొంచెం చిత్రమైనది. స్పృహ అనగానే మనకు స్పృహ తప్పడం గుర్తొస్తుంది గాని, సంస్కృతంలో దానికి కోరిక అని అర్థం. భగవద్గీత రెండో అధ్యాయం 71వ శ్లోకంలో నిస్పృహుడు కోరికలన్నీ వదిలి శాంతిని పొందినవాడు, అంటే మెచ్చుకోదగినవాడు. తెలుగులోకి వచ్చేసరికి కోరిక వదులుకోవడం పోయి, కోరిక చచ్చిపోవడం మిగిలింది. నేటి వాడుకలో నిస్పృహ అంటే ఇక ప్రయత్నం కూడా వద్దనిపించే స్థితి. 'నిరాశా నిస్పృహలు' అని రెండింటినీ కలిపి రాసే అలవాటు వల్ల తేడా చెరిగిపోయింది. పంట పోయిన రైతుకు నిరాశ కలుగుతుంది, వచ్చే కారుకు విత్తనం కొంటాడు. వరుసగా మూడేళ్లు పోయి, అప్పు పెరిగి, విత్తనం కొనబుద్ధి కూడా కాకపోతే అది నిస్పృహ. జంటగా రాయడానికి ముందు ఆ మనిషిలో నిజంగా రెండోది ఉందా అని చూసుకోవాలి. నైరాశ్యం ఒక మనిషి కంటే ఒక తరానికి, ఒక వర్గానికి నప్పుతుంది. నిర్వేదం తాత్త్విక చర్చల్లో తప్ప మిగిలినచోట్ల బరువెక్కువ.

నిరుత్సాహాన్ని వీటితో కలపకూడదు, ఎందుకంటే అందులో పోయేది ఆశ కాదు, ఊపు. మార్కులు తక్కువ వచ్చిన విద్యార్థికి ఆ ఫలితం మీద నిరాశ, రాబోయే పరీక్ష మీద నిరుత్సాహం. వెంటనే అర్థమయ్యే మాట కావాలంటే నీరుగారిపోవడం ఉంది, డీలా పడటం ఉంది. వీటిలో నీరుగారడానికి ముందు ఉత్సాహం పొంగి ఉండాలి. డీలా పడటానికి ఆ షరతు లేదు, స్టాక్ మార్కెట్టు కూడా డీలా పడుతుంది. 'నీరుగార్చడం' అని చేసేవాడిని ముందుకు తెస్తే అర్థం మారిపోయి, చట్టాన్నో పథకాన్నో పేరుకు మాత్రమే మిగల్చడం అవుతుంది. సినిమా చతికిలబడుతుంది, ప్రచారం చప్పబడుతుంది. ఈ రెండూ ప్రేక్షకుడి మనసును కాక జరిగినదాన్నే చెబుతాయి.

అసంతృప్తికి మాత్రం ఒక ప్రత్యేకమైన నియమం ఉంది: ఎంతో కొంత చేతికి అంది ఉండాలి. ఏమీ దక్కనివాడికి నిరాశ, సగం దక్కినవాడికి అసంతృప్తి. పైకి మాట అనకుండా చూపించే అసంతృప్తికి 'పెదవి విరిచారు' అన్నది చక్కని పలుకుబడి. బడ్జెట్ మీద ప్రతిపక్షం మండిపడుతుంది, నిపుణులు పెదవి విరుస్తారు. రాజకీయ విలేఖరులు మాత్రం అసంతృప్తిని మనుషులుగా మార్చేశారు. ఎన్నికల కాలంలో ఒకే మనిషి టిక్కెట్ల జాబితాకు ముందు 'ఆశావహుడు', జాబితా వచ్చిన రోజున 'భంగపడ్డవాడు', మర్నాడు 'అసంతృప్తుడు', నామినేషన్ వేశాక 'రెబెల్'. ఈ నాలుగు మాటలూ తారుమారు కావు. పత్రికాభాషను వెక్కిరించడం తేలికే గాని, ఈ వరుసలో ఉన్నంత ఖచ్చితత్వం మామూలు రచనల్లో అరుదుగా కనబడుతుంది.

మనవాళ్ల మీద పెట్టుకున్న ఆశ

ఫలితాల మీద, ఆటల మీద, ప్రభుత్వాల మీద పెట్టుకున్న ఆశకు పైన చెప్పిన మాటలు చాలు. చుట్టాలు, స్నేహితులు, కన్నపిల్లలు అనేసరికి అవి ఒక్కసారిగా కొయ్యబారిపోతాయి. ఇక్కడ వాడవలసిన మాటలు వేరు.

పెళ్లి పిలుపులు చూడండి. ఒకావిడ తమ్ముడి కూతురి పెళ్లి. శుభలేఖ ఫోనుకు వచ్చింది, తరువాత కొరియర్‌లో కూడా వచ్చింది. కాని పక్క వీధిలో ఉన్న ఆడపడుచు ఇంటికి వెళ్లి బొట్టు పెట్టి పిలిచినవారు, ఈవిడ ఇంటికి రాలేదు. ఆవిడ పెళ్లికి వెళ్తుంది, అక్షింతలు వేస్తుంది, భోజనం చేస్తుంది. ఫొటోకు రమ్మంటే మాత్రం 'మీరు తీయించుకోండమ్మా' అని వెనక్కి జరుగుతుంది. ఆవిడ నిరాశ చెందిందని రాస్తే నవ్వుతారు. ఆవిడ చిన్నబుచ్చుకుంది. తనకు రావలసిన మర్యాద రాలేదని, తనను తక్కువ చేశారని లోపల నొచ్చుకుని, పైకి అనకుండా ఉండటమే చిన్నబుచ్చుకోవడం. నొచ్చుకోవడంలో బాధ ఉంది గాని హక్కు గురించిన లెక్క లేదు. ఎవరో తెలియక అన్న మాటకు కూడా నొచ్చుకోవచ్చు. చిన్నబుచ్చుకోవడంలో హోదా లెక్క ఉంటుంది. అలగడంలో ఇంకా ముందుకు వెళ్లి, బతిమాలించుకునే హక్కు ఉంటుంది. కనుక అల్లుడు అలగవచ్చు, చంటిపిల్ల అలగవచ్చు, ఆఫీసు గుమస్తా మేనేజరు మీద అలగడు. అలా రాస్తే అది వెటకారమే. కినుక వహించడం ఒకప్పుడు దేవతలకు, ఇప్పుడు నాయకులకు చెల్లుతోంది.

చిన్న అన్న మూలం నుంచి వచ్చిన మూడు రూపాలను విడివిడిగా పట్టుకోవాలి. చిన్నబోవడం ముఖానికి దానంతటది జరిగేది. చిన్నబుచ్చడం ఇతరులు చేసేది. చిన్నబుచ్చుకోవడం తనలో తాను పడేది. 'మీరు భోజనం చేయకుండా వెళ్లి మమ్మల్ని చిన్నబుచ్చకండి అన్నయ్యగారూ' అన్నప్పుడు నింద అంతా ఆప్యాయతలో మునిగి ఉంటుంది. చిన్నబోవడం మనుషులను దాటి కూడా వెళ్తుంది: అమ్మాయిని అత్తవారింటికి పంపిన మర్నాడు ఇల్లు చిన్నబోతుంది. ఇల్లు నిరాశపడిందని ఎంత కవిత్వంలోనైనా అనలేం.

కన్నవారు పిల్లల ముందు తమ నిరాశను ఎలా చెబుతారన్నది అనువాదకులకు, ఉపశీర్షికలు రాసేవారికి, విదేశాల్లో పిల్లలను పెంచుతున్న తెలుగువారికి మాటిమాటికీ ఎదురయ్యే ప్రశ్న. ఇంగ్లీషు సంభాషణలో తండ్రి కొడుకుతో ఒక్క డిసప్పాయింట్ మాటతో పని ముగిస్తాడు. దాన్ని 'నీ విషయంలో నేను నిరాశ చెందాను' అని తెలుగులో పెడితే, ఆ తండ్రి ఎదురుగా కూర్చుని తాఖీదు చదువుతున్నట్టు ఉంటుంది. తెలుగు తండ్రి ఆ స్థితిలో నామవాచకం వాడడు. 'నువ్విలా చేస్తావనుకోలేదురా' అంటాడు. తల్లి అయితే 'నిన్ను చూసి ఏదో అనుకున్నాను' అని ఆపేస్తుంది. అనుకోవడం అన్న క్రియ భూతకాలంలో చేరితే చాలు, ఆశా, అది కూలడమూ రెండూ అందులో వినబడతాయి. 'ఇంతేనా' అన్న ఒక్క మాట కూడా అదే పని చేస్తుంది. కనుక దగ్గరివారి మధ్య నిరాశను చూపవలసినప్పుడు నా సలహా ఇది: పై వరుసలోని నామవాచకాలన్నీ పక్కనబెట్టి, అనుకోవడంతో వాక్యం మొదలుపెట్టి చూడండి.

నలుగురి కళ్ల ముందు

సిగ్గు చాలా పెద్ద గుడారం. పెళ్లిచూపుల్లో తల వంచుకున్న అమ్మాయిది సిగ్గే, దొంగతనం బయటపడి తల దించుకున్నవాడిదీ సిగ్గే. తేడా అంతా క్రియాపదాల్లో, పక్కన చేరే మాటల్లో ఉంది. 'సిగ్గుపడింది' అంటే తప్పు లేదు, ముచ్చట ఉంది. 'సిగ్గేసింది' అంటే ఏదో చిన్న పొరపాటో, లోపమో ఉంది. 'సిగ్గుతో చితికిపోయాడు' అంటే చూసేవారు ఎక్కువమంది, దాక్కోవడానికి చోటు లేదు. 'సిగ్గుచేటు' అంటే ఇది అనుభవమే కాదు, బయటివారు వేసిన ముద్ర. 'సిగ్గు లేదా' అంటే తిట్టు. ఒక మాటలో ఇన్ని ఉన్నాయి కనుక, కథలో సిగ్గు అని రాసినప్పుడు అది ఏ సిగ్గో వాక్యంలో మిగిలిన భాగం చెప్పాలి.

బిడియం స్వభావం. సభలో నలుగురి ముందు నోరు విప్పలేనివాడికి ఏ తప్పూ లేకపోయినా బిడియం ఉంటుంది. జంకులో కొంత భయం, సంకోచంలో కొంత ఆలోచన కలిసి ఉంటాయి. 'అడగడానికి జంకాడు' అంటే కోప్పడతారని. 'అడగడానికి సంకోచించాడు' అంటే అడగవచ్చా లేదా అని. కూచిపూడి నేర్చుకునేవారికి సిగ్గు అన్న అర్థంలో వ్రీడ అన్న మాట పరిచయం ఉంటుంది. అది భరతుడు నాట్యశాస్త్రంలో లెక్కపెట్టిన 33 సంచారీభావాల్లో, అంటే వచ్చిపోయే భావాల్లో, ఒకటి. పాఠం దాటి బయటకు వచ్చి దాన్ని వాడబోతే మాత్రం వేషం వేసుకుని సంతకు వెళ్లినట్టుంటుంది.

ఎంబరాసింగ్ అన్నచోటల్లా 'ఇబ్బందికరం' అని రాయడం ఈ మధ్య బాగా పెరిగింది. ఆ మాట మీద నాకు గట్టి అభ్యంతరమే ఉంది. ఇబ్బంది ఊపిరి తీసుకోవడంలో ఉండవచ్చు, డబ్బుకు ఉండవచ్చు, బస్సులో సీటు దగ్గర ఉండవచ్చు. అది సిగ్గును చెబుతుందా, కష్టాన్ని చెబుతుందా అన్నది చదివేవారు ఊహించుకోవలసి వస్తుంది. సభలో మైకు ఆన్‌లో ఉందని తెలియక వక్త పక్కవారి గురించి ఏదో అనేసి, అందరికీ వినబడ్డాక గతుక్కుమంటాడు. ఇబ్బందిపడ్డాడు అంటే ఆ క్షణం జారిపోతుంది. పిలవకూడని పేరు పొరపాటున పిలిచినవాడు నాలుక కరుచుకుంటాడు. అడిగిన ప్రశ్నకు జవాబు లేక వక్త తెల్లబోతాడు. తేలిగ్గా ఓడించవచ్చనుకున్నవాడి దగ్గర దెబ్బ తగిలితే కంగుతింటాడు. చూడటానికి బాగాలేని దృశ్యం ఎబ్బెట్టుగా ఉంటుంది. ప్రభుత్వాన్ని ప్రశ్న ఇరకాటంలో పెడుతుంది. ఈ ఆరింటిలో ఏదీ కుదరనప్పుడే ఇబ్బందిని పిలవడం మంచిది.

మొహమాటం అన్న మాట విషయంలో మనవారు గర్వపడటం చూస్తుంటాను. మరో భాషలో దీనికి సాటి లేదని అంటారు. ఉందో లేదో తేల్చడం కంటే అది ఎక్కడ వాడాలో తెలియడం ముఖ్యం. పాత రూపం మొగమోటం, నిఘంటువులు దాక్షిణ్యం అని అర్థం చెబుతాయి. విస్తరి ముందు దాని అసలు రంగు తెలుస్తుంది. వడ్డించే ఆవిడ పప్పు గరిటెతో వంగుతుంది. బావగారు రెండు చేతులూ విస్తరి మీద అడ్డం పెట్టి 'చాలమ్మా, చాలు' అంటారు. చేతుల మధ్య ఉన్న ఖాళీలోంచి ఆవిడ సగం గరిటె వేసేసి 'మొహమాటపడకండి బావగారూ, ఏమంత తిన్నారని' అంటుంది. అక్కడ 'సిగ్గుపడకండి' అని మార్చి చూడండి, బావగారు చంటిపిల్లవాడైపోతాడు. 'ఇబ్బందిపడకండి' అని మార్చి చూడండి, భోజనం కాస్తా ప్రభుత్వ కార్యాలయమైపోతుంది. ఆయన తప్పు చేయలేదు, ఎవరూ నవ్వడం లేదు; ఎదుటివారికి భారం కాకూడదన్న మర్యాద మాత్రమే ఉంది. అదే మొహమాటం.

దానికి రెండో ముఖం కూడా ఉంది. స్నేహితుడి అప్పుకు మొహమాటానికి పోయి హామీ సంతకం పెట్టినవాడిలో ఎంబరాస్‌మెంట్ ఏమీ లేదు, కాదనలేని బలహీనత ఉంది. అందుకే ఆ ఇంగ్లీషు మాటకు మొహమాటాన్ని నిలువునా సమానం చేయకూడదు. కాదనవలసి వచ్చినప్పుడు కూడా తేడా చూసుకోవాలి: 'నన్ను మొహమాటపెట్టకండి' అంటే మెత్తగా తప్పుకోవడం, 'నన్ను ఇబ్బందిపెట్టకండి' అంటే ఫిర్యాదు.

నామోషీ నుంచి పరాభవం దాకా

ఈ మాటలను కాలం ప్రకారం పేర్చుకోవచ్చునని నా అభిప్రాయం. నామోషీ పనికి ముందే వస్తుంది. డిగ్రీ చదివి హోటల్లో బల్లలు తుడవడానికి నామోషీ అంటే, ఇంకా తుడవలేదు, ఎవరూ చూడలేదు, చూస్తారేమోనన్న లెక్క మాత్రమే. మరాఠీవారు కూడా నాముష్కీ అని అప్రతిష్ఠకే అంటారు. సిగ్గు పని జరుగుతుండగా వస్తుంది. తలవంపులు తరువాత వస్తాయి, అవి చేసినవాడికంటే అతనివారికే ఎక్కువ. 'ఊరికి తలవంపులు తెచ్చాడు' అంటాం గాని 'తనకు తలవంపులు తెచ్చుకున్నాడు' అనడం అరుదు. పరువు కూడా అలాగే ఇంటి సొత్తు. ఒకరు పోగొడితే అందరికీ పోతుంది.

నగుబాటు, అవమానం, పరాభవం మధ్య తేడాను మయసభకంటే బాగా చూపించే ఘట్టం లేదు. దుర్యోధనుడు స్ఫటికపు నేలను నీరనుకుని బట్టలు పైకెత్తుకున్నాడు. అక్కడితో ఆగి ఉంటే నాలుక కరుచుకుని ముందుకు నడిచేవాడు. తరువాత నీటిని నేలనుకుని అందులో పడ్డాడు. అది నగుబాటు, అంటే చూసినవారికి నవ్వు తెప్పించిన స్థితి. నవ్వు చెవిన పడింది, అది అవమానం. ధర్మరాజు పొడి బట్టలు పంపించాడు. నా దృష్టిలో ఆ బట్టలు అందుకున్న క్షణంలోనే అవమానం పరాభవంగా మారింది, ఎందుకంటే శత్రువు దయ చూపించాడు. నగుబాటు మరునాటికి చల్లారవచ్చు. పరాభవానికి లెక్క తీర్చుకోవాలనిపిస్తుంది. కనుక ఎవరో కాలు జారి పడితే పరాభవం అని రాయడం అతిశయోక్తి. నవ్వులపాలయ్యారు అంటే చాలు. నవ్వులపాలు కావడంలో నవ్వేవారు ఉన్నారు. అభాసుపాలు కావడంలో అంతవరకూ ఉన్న పేరు అబద్ధమని తేలడం ఉంది, కనుక పేరు లేనివాడు అభాసుపాలు కాలేడు.

క్రీడావార్తల్లో పరాజయాన్నీ పరాభవాన్నీ మార్చి మార్చి వాడుతుంటారు. 2020 డిసెంబరు 19న అడిలైడ్‌లో భారత జట్టు రెండో ఇన్నింగ్స్‌లో 36 పరుగులకే ముగించి, టెస్టుల్లో తన అతి తక్కువ స్కోరు నమోదు చేసింది. 8 వికెట్ల తేడాతో ఓడటం పరాజయం. 36 పరుగులు పరాభవం. ఆ సిరీస్‌ను చివరికి 2-1తో గెలిచింది కూడా ఆ జట్టే. అన్నట్టు, 60 సంవత్సరాల చక్రంలో నలభైయవదాని పేరు పరాభవ. 2026 ఉగాదితో వచ్చేది అదే. పేరు చూసి కంగారుపడనవసరం లేదు, 1966లోనూ వచ్చి వెళ్లింది.

రెండు వరుసలూ కలిసే చోటు

ఆశ పోవడం, పరువు పోవడం ఒక్కసారే జరిగే సందర్భాలు ఉన్నాయి. వాటికి భంగపాటు సరైన మాట. పదవి వస్తుందని నలుగురికీ చెప్పుకుని, మిఠాయిలు కూడా పంచి, తీరా జాబితాలో పేరు లేకపోతే అది నిరాశా కాదు, అవమానమూ కాదు, రెండింటి కలయిక. భంగపడడం వరకూ క్షేమమే గాని, 'భంగపరచడం' అని రాసేటప్పుడు జాగ్రత్త అవసరం: సభా గౌరవాన్ని, ఏకాగ్రతను భంగపరుస్తారు; స్త్రీ విషయంలో ఆ మాట చాలా తీవ్రమైన నేరాన్ని సూచిస్తుంది.

మొహం చెల్లకపోవడం ఇంకా లోతైనది. తీసుకున్న అప్పు గడువుకు తీర్చలేనివాడు, ఇచ్చిన మాట నిలుపుకోలేనివాడు ఎదుటివారి దగ్గరికి వెళ్లలేకపోతాడు. ఇక్కడ నిరాశపడ్డది ఎదుటివారు, సిగ్గుపడుతున్నది తాను. 'మీకు చెప్పిన పని కాలేదు మాస్టారూ, మీ ఇంటికి రావడానికి మొహం చెల్లక రాలేదు' అన్న వాక్యంలో క్షమాపణ అన్న మాటే లేదు, అయినా అంతకుమించిన క్షమాపణ ఉండదు. దానికి వ్యతిరేకం మొహం చాటేయడం. వీడికీ సిగ్గు ఉందేమో గాని, చెప్పేవారు దాన్ని ఒప్పుకోవడం లేదు. ఒకే మనిషి ఒకే కారణానికి రాకపోయినా, తన మాటల్లో మొహం చెల్లకపోవడం, అప్పిచ్చినవాడి మాటల్లో మొహం చాటేయడం అవుతుంది. కథ రాసేవారు ఎవరి వైపు నిలబడ్డారో ఈ ఒక్క ఎంపికతో తెలిసిపోతుంది.

ఉత్తరాలకు, ప్రకటనలకు

ఆఫీసు భాషలో చింతించడం ఉంది. దూరదర్శన్ చూసి పెరిగినవారికి 'అంతరాయానికి చింతిస్తున్నాం' అన్న పలక ఇంకా కళ్లముందే ఉంటుంది. సంస్థ ప్రజలకు చెప్పేటప్పుడు, దరఖాస్తును తిరస్కరిస్తూ రాసేటప్పుడు అది నప్పుతుంది; మేనత్తకు పుట్టినరోజు శుభాకాంక్షలు ఆలస్యంగా చెబుతూ 'చింతిస్తున్నాను' అంటే ఆవిడ నవ్వుకుంటుంది. 'మరిచిపోయాను అత్తయ్యా, ఏమీ అనుకోకు' అంటే చాలు. విచారం వ్యక్తం చేయడం క్షమాపణ చెప్పడం కాదన్న సంగతి నాయకులకు బాగా తెలుసు, అందుకే వారు మొదటిదాన్నే ఎంచుకుంటారు. వార్త రాసేవారు దాన్ని క్షమాపణగా మార్చకూడదు. విషాదాన్ని మరణాలకు, ప్రమాదాలకు వదిలిపెట్టాలి. అర్జున విషాదయోగంలో ఉన్నది మనం ఇప్పుడు కుంగుబాటు అంటున్నదే గాని, ఆ పాత అర్థంతో 'ఫలితాలు విషాదం కలిగించాయి' అని నేడు రాస్తే చదివేవారు ఎవరికేమైందోనని భయపడతారు.

ప్రాంతాన్ని కూడా చూసుకోవాలి. తెలంగాణ మాటల్లో 'నారాజ్ అయిండు' అన్నప్పుడు అసంతృప్తీ అలకా రెండూ ఉంటాయి. 'నారాజ్ గాకు అన్నా' అన్న వాక్యాన్ని 'నిరాశపడకు అన్నయ్యా' అని మారిస్తే అర్థమే తప్పుతుంది, 'ఏమీ అనుకోకు' అన్నది దగ్గరగా వస్తుంది. 'ఇజ్జత్ పోయింది' అన్నదానికి పరువు సమానమే అయినా, పాత్ర వరంగల్‌దో కరీంనగర్‌దో అయితే ఇజ్జత్‌నే ఉంచాలి. శరం మాత్రం సిగ్గుతో జంటకట్టి 'సిగ్గూ శరం' అంటూ అన్ని జిల్లాలూ తిరిగింది. ముఖం రాతకు, మొహం కోస్తా మాటకు, మొఖం తెలంగాణ మాటకు చెందినవి. ఒకే పాత్ర నోట ఒక పేజీలో మొహం చెల్లక, మరో పేజీలో మొఖం చెల్లక రాకుండా అచ్చుకు ముందు ఒకసారి సరిచూసుకోవాలి.